సెక్రటరీ గారి గొంతులో ఓబుళమ్మ పాట

మా గల్ఫ్ తెలుగు పాటల పోటీకి ఇంకా భవిష్యత్తు ఉందా అన్నది కమిటీ మీటింగులో ప్రతి ఏడాదీ మొదటి అంశం. రెండో అంశం, మీటింగు అయ్యాక భోజనంలోకి ఏం చెప్పాలన్నది. నా డైరీలు తిరగేసి చూశాను. రెండో అంశం తేలని సంవత్సరం ఒక్కటీ లేదు. మొదటిది తేలిన సంవత్సరమూ ఒక్కటీ లేదు.

నేను కమిటీ మనిషిని కాను, మైకు మనిషిని. కువైట్‌లోని షువైఖ్‌లో సౌండు సామాను అద్దెకిచ్చే గోదాములో జీవితంలో ఎక్కువ భాగం గడిపాను. పెళ్లిళ్లు, స్కూలు వార్షికోత్సవాలు, కంపెనీల విందులు, సంఘాల సభలు, వాటితోపాటు ఏడాదికోసారి ఈ పోటీ. ఇప్పుడు రిటైరయ్యాను. ఇఖామాకు, అంటే ఇక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతికి, ఇంకో నాలుగు నెలల గడువుంది. ఆలోపు రాయచోటికి చేరాలి కాబట్టి డైరీలను అట్టపెట్టెల్లోకి సర్దుతున్నాను. సర్దుతూ చదివాను. చదివాక ఇది రాయక తప్పలేదు.

ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్ల కోసం రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ కాగితం మీద ఎవరు స్టాంపు వేశారో రాయను. అవి నాకే విసుగు. పోటీ పేరు కూడా రాయను. ఆ పేరు తానే పెట్టానని చెప్పుకునేవాళ్లు ముగ్గురున్నారు, ముగ్గురితోనూ నాకు పలకరింపులున్నాయి.

చివరి కుర్చీ

కువైట్‌కు వచ్చేనాటికి నాకు తెలిసిన విద్య ఒక్కటే. పెళ్లిపందిరి మీద హారన్ స్పీకరు కట్టి, ఊరు ఊరంతా చెవులు మూసుకునేలా మోగించడం. దాన్నే సౌండు అనుకునేవాణ్ణి. ఆ భ్రమను పోగొట్టినవాడు గోదాము పెద్ద అబూ సాలెం.

ఆయన మంచి బాసు అని రాస్తే అబద్ధం అవుతుంది. లోపల మెలిపడేలా వైరు మోచేతికి చుట్టానని ఒకరోజు గోదాములో ఉన్న వైర్లన్నీ విప్పించి మళ్లీ చుట్టించాడు. మధ్యాహ్నం స్పీకరు పెట్టెల మీద పడుకుని గురక పెట్టేవాడు. తాను పోగొట్టిన మైకులను నేను పోగొట్టానని ముదీర్‌కు, అంటే మేనేజరుకు, చెప్పేవాడు. కానీ ఆ మనిషికి చెవి ఉంది. ఈ వృత్తిలో చెవి ఉన్న చెడ్డ బాసు దొరకడం అదృష్టం. చెవి లేని మంచి బాసులు నాకు తర్వాత బోలెడుమంది దొరికారు, వాళ్ల దగ్గర టీ తాగడం తప్ప ఏమీ నేర్చుకోలేదు.

నాకు మొదటిసారి సౌండు మిక్సరు అప్పగించింది ఒక స్కూలు వార్షికోత్సవంలో. మీటలన్నీ నా చేతిలో ఉన్నాయన్న గర్వంతో నిలబడ్డాను. అబూ సాలెం వచ్చాడు.

"యా మస్తాన్, సౌండు ఎలా ఉంది?"

"చాలా బాగుంది."

"ఎక్కడ?"

"ఇక్కడ."

నా మణికట్టు పట్టుకుని హాలు చివరికి లాక్కెళ్లాడు. ఏసీ గొట్టం కింద ఉన్న ఆఖరి కుర్చీలో కూర్చోబెట్టాడు. స్టేజీ మీద పిల్లలు నోళ్లు కదుపుతున్నారు. నాకు వినపడింది ఏసీ ఒక్కటే.

"నిన్ను పిలిచినవాడు మొదటి వరసలో కూర్చుంటాడు," అన్నాడు. "నీ పని ఈ కుర్చీలో కూర్చుంటుంది. ఖలాస్."

ఆ మాటను డైరీలో రాసుకున్నాను, కింద రెండు గీతలు కూడా గీశాను. డైరీలో రాసుకున్నవాడు దాన్ని పాటిస్తాడనుకోవడం డైరీలు రాయనివాళ్ల అమాయకత్వం.

ఆరు దేశాలు, ఒక ఎర్రలైటు

ఈ పోటీ మొదలైంది ఏ ఆడిటోరియంలోనూ కాదు. కువైట్‌లోనే మంగఫ్‌లో ఒక కంపెనీ లేబర్ బిల్డింగు మెస్ హాల్లో. అన్నం గిన్నెలు గోడవారకు జరిపి, శుక్రవారం మధ్యాహ్నం పాడుకునేవాళ్లు. పక్క దేశంలో అదే కంపెనీ మనుషులు తామూ పాడతామన్నారు. అలా రెండు దేశాలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. అప్పుడు చదువుకున్నవాళ్లు గమనించి, ఇంత మంచి కార్యక్రమాన్ని పాడేవాళ్ల చేతుల్లో వదిలేయకూడదని కమిటీ వేశారు.

ఇప్పటి పద్ధతి ఇది. ఆరు దేశాలు, దేశానికి ముగ్గురు గాయకులు, ఒక జడ్జి. ఎవరి దేశానికి వాళ్లు మార్కులు వేసుకోకూడదు. ఈ నియమం పెట్టిన రోజు నుంచి జడ్జిలు హాల్లో కంటే టీ బల్ల దగ్గర ఎక్కువసేపు ఉంటున్నారు. "మీ వాడికి నేను తొమ్మిది, మా అమ్మాయికి మీరు తొమ్మిది." ఇందులో దాపరికం లేదు, నా మైకుల పక్కనే మాట్లాడుకుంటారు. ఒకసారి మైకు ఆన్‌లో ఉంది. హాలంతా విన్నది. ఎవరూ ఏమీ అనుకోలేదు, తొమ్మిదికి బదులు తొమ్మిదిన్నర అడిగి ఉండాల్సిందని మాత్రం అనుకున్నారు.

ఒక దేశంలో సంఘం రెండుగా చీలింది. రెండూ అసలైనవే. ఆ ఏడాది ఒకే దేశం నుంచి ఇద్దరు జడ్జిలు వచ్చి ఒకే కుర్చీ దగ్గర నిలబడ్డారు. ఇద్దరూ పెద్దమనుషులే కాబట్టి మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని రెండు పాటలు అయ్యేదాకా అనుకున్నారు.

పాటకు నాలుగు నిమిషాలు. దాటితే స్టేజీ ముందు ఎర్రలైటు వెలుగుతుంది. ఉపన్యాసానికి ఎర్రలైటు లేదు. ఒకసారి పొరపాటున నా చెయ్యి తగిలి ముఖ్య అతిథి మాట్లాడుతుండగా వెలిగింది. లైటింగు చక్కగా ఉందని ఆయన మైకులోనే మెచ్చుకుని, ఇంకో అరగంట మాట్లాడారు.

ఇక భవిష్యత్తు సంగతి. జనం తగ్గుతున్న మాట నిజం. కారణం ఒక ఏడాది ఫోన్లు, ఒక ఏడాది పాతపాటలు, ఒక ఏడాది కొత్తపాటలు. ఈ ఏడాది మా సెక్రటరీ రామమోహన్ గారు అసలు కారణం కనిపెట్టారు. ఆయన గోదావరి జిల్లా ఇంజనీరు, గంభీరమైన గొంతు, తెల్లచొక్కా. ఆయన కనిపెట్టిన కారణం పేరు ఓబుళమ్మ.

మూడో సీటు

మెస్ హాలు రోజుల గుర్తుగా కువైట్‌కు ఉన్న మూడు సీట్లలో ఒకటి ఇళ్లల్లో, సైట్లలో పనిచేసేవాళ్లకు ఉంచారు. పోటీ మొత్తం వాళ్లదే అయిన చోట, ఒక్క సీటు మిగిల్చినందుకు కమిటీ ప్రతి ఏడాదీ తనను తాను అభినందించుకుంటుంది. దాన్ని అందరూ మూడో సీటు అంటారు.

నాలుగేళ్లుగా ఆ సీటులో పాడుతున్నది ఓబుళమ్మ. రాజంపేట దగ్గరి పల్లె మనిషి. మిష్రిఫ్‌లో ఒక పెద్ద విల్లాలో వంటపని. వేరుశెనగ చెట్లు పీకేటప్పుడు వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు పాడే పాట ఒకటి పాడుతుంది. ఏటా అదే పాట. ఏటా పద్దెనిమిదో స్థానం. పాడేది పద్దెనిమిది మంది.

ఈ ఏడాది మీటింగులో రామమోహన్ గారు లేచి అన్నారు: "చూడండీ, అంతర్జాతీయ పోటీ అన్నాక ఓ స్థాయి ఉండాలండి. గొంతులో బలం లేకుండా, ఆరు దేశాల ముందు మన పరువు ఏమవుతుందండీ? ఈసారి కూడా మూడో సీటు ఆఖర్నే వస్తే, ఆ సీటు తీసేద్దామండి. అప్పుడుగానీ పోటీకి భవిష్యత్తు ఉండదు."

చప్పట్లు కొట్టారు. ఆ మైకు కూడా నేనే పెట్టాను. రిటైరైనా ఈ ఒక్కపనికి మాత్రం పిలుస్తారు, కొత్తవాళ్లు కమిటీ మాట వినరని.

రెండు రోజుల తర్వాత ఓబుళమ్మ ఫోన్ చేసింది.

"మస్తానన్నా, ఈతూరి నా పేరు కొట్టేపియ్యి."

"ఎందుకమ్మా?"

"నాలుగేండ్లు కడాకు వొచ్చినా. ఇంగ ఈసారి గూడా వొస్తే సీటే పీకేస్తారంట గదా. నా వల్ల పోయిందంటే ఈ మిష్రిఫ్‌లో ఆడోళ్లు నన్ను బతకనిస్తారా? పక్కింట్లో రమీజా రెండేండ్ల నుంచి కాసుకోనుంది, నేనెప్పుడు దిగుతానా అని."

"రమీజా పాడితే కడాకు రాదా?"

"ఏమో. ఆ పిల్ల గొంతు గట్టిదిలే. నాదే పల్చన అంట గదా. అందురూ అదే అంటాండారు."

నేను కూడా అదే అనుకుంటున్నానని చెప్పలేక, ఆలోచిద్దాం ఉండమ్మా అని పెట్టేశాను. ఆ సాయంత్రమే డైరీలు సర్దడం మొదలుపెట్టాను.

మామూలు

ఇక్కడ నా పని పద్ధతి కొంచెం చెప్పాలి. కొత్తవాళ్లు శ్రద్ధగా చదవండి, నా తప్పు మీకు ఊరికే దొరుకుతోంది.

పోటీకి ముందు ప్రతి గాయకుడూ వచ్చి స్టేజీ మీద రెండు చరణాలు పాడాలి. ఆ గొంతుకు తగ్గట్టు నేను మిక్సరులో మీటలు సరిచేసి, ఆ సెట్టింగును అతని పేరుతో దాచిపెడతాను. దీన్ని సౌండ్ చెక్ అంటాం. గురువారం సాయంత్రం, శుక్రవారం ఉదయం చేస్తాం. వచ్చినవాళ్ల అంకెలు డైరీలో రాసుకుంటాను. రానివాళ్ల పేరు పక్కన "రాలేదు" అని రాస్తాను.

మరి రానివాళ్లు పోటీలో ఏ సెట్టింగులో పాడతారు? దానికి నేనొక ఏర్పాటు చేసుకున్నాను. పోటీ ప్రారంభంలో అందరికంటే ముందు మైకు ముందుకొచ్చి "హలో, హలో, చెక్" అనేది రామమోహన్ గారు. ఆయన పెదవులు మైకుకు ఆనించి మాట్లాడతారు. గొంతు ఉరుములా ఉంటుంది కాబట్టి మైకు బలం బాగా తగ్గించాలి. స, శ పలికినప్పుడు ఈల వస్తుంది కాబట్టి సన్నటి ధ్వనులన్నీ కోసెయ్యాలి. అలా కోసి, తగ్గించి ఒక సెట్టింగు దాచుకున్నాను. పేరులేని వాళ్లందరికీ అదే. దానికి నేను పెట్టిన పేరు "మామూలు".

అట్టపెట్టె పక్కన కూర్చుని ఓబుళమ్మ మొదటి ఏడాది పేజీ తీశాను. "ఓబుళమ్మ. రాలేదు. మామూలు. గొంతు పలచన." నా చేతిరాత. రెండో ఏడాది: "రాలేదు. మామూలు. గొంతు పలచన." మూడు, నాలుగు కూడా అంతే. ఆమెకు ముందు మూడో సీటులో పాడిన డ్రైవరు, అతని ముందు మంగఫ్ వెల్డరు, ఆ ముందు ఇద్దరు ఆడవాళ్లు. అందరూ రాలేదు, అందరూ మామూలు, అందరిదీ గొంతు పలచన.

అన్నేళ్లపాటు కువైట్‌లో పనిచేసేవాళ్లందరికీ ఒకే జబ్బు వచ్చిందని నమ్మాలి. లేదా ఇంకో మాట నమ్మాలి. సన్నటి గొంతున్న ఆడమనిషి చేత, మైకు మింగేటట్టు మాట్లాడే ఇంజనీరు గారి సెట్టింగులో పాడించింది నేను. మొదటి ఏడాది ఆమె పాడుతుంటే వినపడక ఒక్కసారిగా సౌండు పెంచాను కూడా. స్పీకర్లు కూశాయి. మొదటి వరస చెవులు మూసుకుంది. రామమోహన్ గారు పరుగున వచ్చి "మైకు దూరంగా పెట్టమ్మా!" అన్నారు. అప్పటినుంచి ఆమె మైకును పామును పట్టుకున్నట్టు చెయ్యి చాచి పట్టుకుంటుంది. నేనేమో ఆమె పాడే నాలుగు నిమిషాలూ తర్వాతి దేశం ట్రాకు పెన్‌డ్రైవులో వెతుక్కుంటాను. చివరి కుర్చీ దాకా ఎప్పుడూ వెళ్లలేదు. అబూ సాలెం మాట కింద రెండు గీతలు గీసినవాణ్ణి కదా, మళ్లీ వెళ్లడం దేనికి.

ఉదయమే రామమోహన్ గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"ఏంటండీ, నా గొంతా?"

"మీ గొంతేనండి. ఇన్నేళ్లుగా మూడో సీటువాళ్లంతా మీ గొంతుకు పెట్టిన సెట్టింగులోనే పాడారు."

గట్టిగా నిట్టూర్చారు. పశ్చాత్తాపం అనుకున్నాను.

"అంటే మస్తాన్ గారూ," అన్నారు చివరికి, "నా గొంతే స్టాండర్డు అన్నమాటండి!"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"అయినా తప్పు మనదెలా అవుద్దండీ? సౌండ్ చెక్‌కి రావొచ్చు కదా. శుక్రవారం పొద్దున్న అందరికీ సెలవేనాయె."

"మిష్రిఫ్‌లో వంటమనిషికి శుక్రవారం సెలవేమిటండీ? ఆ రోజే కదా కొడుకులు, కూతుళ్లు, మనవలు అందరూ పెద్దావిడ ఇంటికి భోజనానికి వచ్చేది. వారంలో అన్నిటికంటే పెద్ద వంట ఆ రోజే, గురువారం సాయంత్రమంతా దానికి తయారీ. గిన్నెలు కడిగేసరికి నాలుగు దాటుతుంది."

"అలాగాండీ? నాకు తెలీదండి. మా ఇంట్లో శుక్రవారం బయటే తింటాం."

ఇరవై ఏళ్లుగా కువైట్‌లో ఉన్న మనిషి. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. పోటీ శుక్రవారం పెట్టింది పనివాళ్ల సౌకర్యం కోసమని మా ఇద్దరికీ గట్టి నమ్మకం.

మిష్రిఫ్‌లో బుధవారం

ఓబుళమ్మకు ఫోన్ చేశాను.

"నీ పేరు కొట్టెయ్యను. నువ్వు కడాకు వచ్చింది నీ గొంతు వల్ల కాదు, నా వల్ల."

"నువ్వేమన్నా పాడినావా యేంది?"

"నువ్వు రాలేవు కాబట్టి నేనే మైకు తీసుకుని మీ ఇంటికి వస్తా. మామాను అడుగు."

మామా అంటే ఆ ఇంటి పెద్దావిడ, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఓబుళమ్మ ఫోన్ పక్కన పెట్టి, వంటింటి అరబ్బీలో ఏదో చెప్పింది. లోపలినుంచి ఏవో ప్రశ్నలు. మళ్లీ లైన్లోకి వచ్చింది.

"రమ్మంటాందన్నా. ఏసీ రిపేరాయనా అని అడిగింది. ఔనూ కాదూ అని చెప్పినా."

బుధవారం ఉదయం గోదాము నుంచి ఒక మైకు, స్టాండు, పోటీలో వాడే మిక్సరు, ఒక స్పీకరు అడిగి తెచ్చి వ్యానులో మిష్రిఫ్ వెళ్లాను. కార్లు నిలిపే షెడ్డు నీడలో సామాను దించాను. పెద్దావిడ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. డెబ్భై దాటి ఉంటాయి. తస్బీ జపమాల తిప్పుతూ నా వైర్లను అనుమానంగా చూశారు.

"నువ్వు పాడతావా?" అని అరబ్బీలో అడిగారు.

"లేదమ్మా, మైకు పెడతాను."

"మైకు ఎందుకు? దీని గొంతు పైఅంతస్తులో పడుకున్న నాకు వినపడుతుంది."

ఓబుళమ్మకు మైకు ఇచ్చాను. అలవాటు ప్రకారం చెయ్యి చాచి, తల వెనక్కి వంచి పాడింది. మిక్సరు మీద లైట్లు ఒక్కటీ వెలగలేదు. నా డైరీలో ఉన్న పలచటి గొంతే. ఒక క్షణం, నేను రాసింది నిజమేనేమో అన్న ఆశ కూడా కలిగింది. మన తప్పు కాదని తేలేటట్టుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

పెద్దావిడ తస్బీ ఆపారు. "ఇది కాదు. ఇదెవరో వేరే మనిషి. వంటింట్లో పాడేది పాడమను."

"వంటింట్లో మైకు లేదు గదా మామా," అంది ఓబుళమ్మ.

మైకు స్టాండును ఇంటి వెనకున్న బయటి వంటగదికి మోసుకెళ్లాను. అక్కడ సింకులో నిన్నటి బిర్యానీ డేగిసా నానుతోంది, మనిషి కూర్చోవచ్చు అందులో. "దాన్ని తోము, తోముతూ పాడు. మైకు సంగతి నాకు వదిలెయ్," అన్నాను.

తోమడం మొదలుపెట్టింది. చేతులు పనిలో పడ్డాక భుజాలు కిందికి దిగాయి. పాట ఎత్తుకుంది. మిక్సరు మీద పచ్చలైట్లన్నీ వెలిగి, పైన పసుపు కూడా అంటుకుంది. నా చెయ్యి తనంతట తానే సౌండు తగ్గించింది. నాలుగేళ్లుగా పలచన అని రాసిన గొంతుకు నేను తగ్గించాల్సి వచ్చింది.

గోడ అవతలినుంచి ఒక కేక. "ఇంగోపారి పాడక్కా! మొదట్లో నాకు ఇనపళ్లా, మిక్సీ ఏసినా!"

"అదే రమీజా," అంది ఓబుళమ్మ. "దానికి నా సీటు గావల్ల, మళ్లా నా పాటా గావల్ల."

అప్పుడే ఇంకొకటి గమనించాను. పైస్వరం వచ్చిన ప్రతిసారీ ఆమె తల కుడివైపు తిప్పుతోంది, గోడవైపు. రమీజా వింటోందా లేదా అని చూడటం అలవాటు. స్టేజీ మీద కూడా అలాగే తిప్పి ఉంటుంది, మైకు ఒకవైపు, పాట ఒకవైపు. స్టాండును బెత్తెడు కుడికి జరిపాను. అంకెలు డైరీలో రాసుకున్నాను. మిక్సరులో సెట్టింగు దాచి, "ఓబుళమ్మ" అని పేరు పెట్టాను. మూడో సీటులో ఒక మనిషి పేరుతో సెట్టింగు ఉండటం అదే మొదలు.

వెళ్లేటప్పుడు పెద్దావిడ అడిగారు. "శుక్రవారం ఎన్నింటికి?"

"అయిదున్నరకు స్టేజీ మీద ఉండాలి."

"భోజనం తొందరగా పెట్టేస్తాను. ఆలస్యంగా వచ్చిన కొడుకు చల్లటిది తింటాడు. యల్లా."

శుక్రవారం

కొడుకులు ఆలస్యంగానే వచ్చారట. ఎవరూ చల్లటిది తినలేదట, ఓబుళమ్మ చేతే వేడి చేయించారట. మరో నిమిషంలో ఆమె పేరు పిలుస్తారనగా ఆ ఇంటి డ్రైవరు ఆమెను ఆడిటోరియం వెనక గేటు దగ్గర దించాడు. చేతిలో మడిచిన వంటగుడ్డ ఉంది. మర్చిపోయి తెచ్చిందేమో అనుకున్నాను.

"తెచ్చుకున్నాలే అన్నా. ఉట్టి చేతుల్తో నిలబడితే నాకు పాట రాదు."

స్టేజీ మీద స్టాండు పెట్టి, బెత్తెడు కుడికి జరిపి వచ్చాను. రామమోహన్ గారు మిక్సరు దగ్గరికి వచ్చేశారు.

"స్టాండు ఎందుకండీ? చేత్తో పట్టుకుంటేనే కదండీ ఫొటోలో బావుండేది. తీయించండి!"

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. అవి ఈ వృత్తిలో ఎందుకు అవసరమో ఆ క్షణంలో పూర్తిగా బోధపడింది.

"మామూలు" తీసేసి "ఓబుళమ్మ" మీట నొక్కాను. తర్వాత, నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాను. హెడ్‌ఫోన్లు తీసి, మిక్సరు వదిలేసి, హాలు చివరికి నడిచాను.

చివరి వరసలు మంగఫ్ బస్సుల్లో వచ్చేవాళ్లవి. ఏసీ గొట్టం కింద ఒక కుర్చీలో ఎవరిదో సంచి ఉంది. పక్కనున్నాయన సంచి తీసి నేలమీద పెట్టి, "కూచో అన్నా, మూడో సీటు పాట, యేం ఇనపడదులే," అన్నాడు. పక్కవాళ్లతో ఏదో కబుర్లలో ఉన్నాడు.

ఓబుళమ్మ గుడ్డను రెండు చేతులతో పట్టుకుంది. పాట మొదలైంది. మొదటి చరణం సగంలో పక్కనాయన మాట ఆపేశాడు. రెండో చరణంలో ఆమె తల కుడికి తిప్పింది. పైస్వరం హాలు దాటుకుని వచ్చి మా వరస మీద పడింది. ఏసీ మోగుతోందో లేదో నాకు తెలియదు.

"ఎవురన్నా ఈయమ్మ? కొత్తగా వొచ్చిందా?"

"ఓబుళమ్మే."

"పోబ్బా! ఓబుళమ్మ గొంతు నాకు తెల్దా? నాలుగేండ్ల నుంచి ఇంటాండా."

ఆయన నాలుగేళ్లుగా విన్నది ఎవరి గొంతో చెప్పడానికి అది సమయం కాదు.

మొదటి బహుమతి రాలేదు. టీ బల్ల దగ్గర తొమ్మిదులు ముందే పంచుకున్నారు కదా. వాటిని దాటుకుని ఆమెకు ఆరో స్థానం వచ్చింది. పద్దెనిమిది మందిలో ఆరు. ఒక దేశం జడ్జి ఆమెను పిలిచి ప్రత్యేకంగా అభినందించారు.

"ఈ ఏడాది బాగా సాధన చేశారమ్మా. గొంతుకు ఎంత బలం వచ్చిందో!"

"నేనేం మార్చలేదు సార్. అదే పాట, అదే గొంతు," అంది ఓబుళమ్మ.

జడ్జి గారు దాన్ని వినయం అనుకుని ఇంకా మెచ్చుకున్నారు.

రామమోహన్ గారు మైకు అందుకున్నారు. కమిటీ తీసుకున్న కఠిన నిర్ణయం ఎంత మంచి ఫలితం ఇచ్చిందో మనం కళ్లారా చూశామని, కాస్త భయం పెడితే ప్రమాణాలు పెరుగుతాయని రుజువైందని, అందుచేత మూడో సీటును ఇంకో ఏడాది కొనసాగిస్తున్నామని ప్రకటించారు. ఆ గొంతు హాలంతా ఖంగుమంది. దానికి సెట్టింగు సిద్ధంగానే ఉంది మరి.

వెనక గేటు దగ్గర ఓబుళమ్మ డ్రైవరు కోసం నిలబడి ఉంది. "వొచ్చే ఏడాది రమీజాను పంపిస్తానన్నా. అది గూడా శుక్రవారం రాల్యాదు. యాడికి పొయ్యి మైకు పెట్టల్లో నీకు తెల్సు గదా," అంది.

"వచ్చే ఏడాది నేనుండను ఓబుళమ్మా."

"అయితే ఎవురికన్నా రాసిచ్చి పో."

రాసిస్తున్నాను

అందుకే ఇది. పోటీకి భవిష్యత్తు ఉందా అని నన్ను అడిగేవాళ్లు లేరు, అయినా చెబుతాను. కమిటీ, జడ్జిలు, వక్తలు, మైకు మనిషి, అందరూ కలిసి ఇన్నేళ్లుగా చేతనైనంత చేసినా అది చావలేదు. ఇంతకంటే గట్టి భవిష్యత్తు ఏ పోటీకి ఉంటుంది? జనం ఎందుకు తగ్గుతున్నారో తెలుసుకోవాలంటే మాత్రం మీటింగు అక్కర్లేదు. చివరి కుర్చీలో నాలుగు నిమిషాలు కూర్చుంటే చాలు. వినపడని పాట కోసం మంగఫ్ నుంచి ఎవరు వస్తారు?

మీరు మిక్సరు ముందు నిలబడే రోజున, ఎవరిదైనా గొంతు పలచన అనిపిస్తే, ఆ మీటలు ఎవరి గొంతుకు పెట్టి ఉన్నాయో ముందు చూడండి. ఆ మనిషి సౌండ్ చెక్‌కు రాకపోతే ఆ గంటలో ఎక్కడ ఉంటుందో కనుక్కోండి. మిక్సరుకు చక్రాలున్నాయి, ఆమెకు సెలవు లేదు. "మామూలు" అనే సెట్టింగును నేను చెరిపేశాను. మళ్లీ చేసుకోకండి.

డైరీలో కొట్టివేతలు ఉండకూడదన్నది నా జీవితకాలపు నియమం. అందుకని "గొంతు పలచన" అన్న మాటను ఎక్కడా కొట్టెయ్యలేదు. పక్కన మార్జినులో ఎర్రసిరాతో "మైకు నాది" అని రాసి సంతకం పెడుతున్నాను. ఓబుళమ్మవి నాలుగు పేజీలు పూర్తయ్యాయి. డ్రైవరువి, వెల్డరువి అయ్యాయి. ఈ ఉదయం వాళ్లకు ముందు పాడిన ఇద్దరు ఆడవాళ్ల పేజీలు తీశాను. వాళ్ల ఫోన్ నెంబర్లు నా దగ్గర లేవు. ఏ ఊరికి తిరిగి వెళ్లారో తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటే, తమ గొంతులో బలం లేదన్న మాటను నిజమని నమ్మి, వెంట తీసుకుని వెళ్లిపోయారు.